తలుపుకు అడ్డంగా పెట్టిన పాము

నేను ఉద్యోగంలో చేరిన రోజు ఆ గదిలో ఉన్నవి ఇవి. చెక్క బీరువాలు ఆరు. గాజు సీసాల్లో పాములు నలభై ఒకటి. కప్పలు, చేపలు, పీతలు వేరే. ఎలుక అస్థిపంజరం ఒకటి, తోక లేదు. భూతద్దాలు రెండు; అందులో ఒకదానికి పిడి విరిగిపోతే స్పూను కట్టి ఉంది. గోడ మీద ఆయిల్ పెయింటుతో వేసిన పెద్ద చెట్టు ఒకటి; దానికి ఆకుల బదులు పాముల పేర్లు. స్టోరు గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన సీసా ఒకటి, పాత చీర ముక్క చుట్టి ఉంది. దాన్ని కూడా రాయబోతుంటే 'అది లెక్కలోది కాదు' అన్నారు మాస్టారు. మనుషులు ముగ్గురం: మ్యూజియం చూసే జువాలజీ మాస్టారు, అటెండరమ్మ, నేను.

రాజమండ్రిలో ఒక కాలేజీ జంతుశాస్త్ర మ్యూజియం అది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నేను ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసి, రక్తం, మూత్రం పరీక్షించే ఉద్యోగం వస్తుందనుకుంటే పాముల సీసాలు తుడిచే ఉద్యోగం వచ్చింది. ఇలాంటి జ్ఞాపకాలు రిటైరైన వాళ్ళు రాస్తారని నాకు తెలుసు. నాకింకా ముప్పై దాటి ఎంతో కాలేదు. కానీ నేను రిటైర్ కాకపోయినా నా పోస్టు రిటైరైంది. మాస్టారు దిగిపోయిన ఏడాదే దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో అనుకున్న పనే చేస్తున్నాను. ల్యాబ్ కోర్సుల్లో చేరుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఈ పనిలో గుర్తుండిపోయేది ఏముంటుందండీ అని. అందుకే రాస్తున్నాను. ఇందులో రక్తపరీక్ష ఒక్కటి కూడా లేదు.

మొదటి రోజే మాస్టారు నన్ను గోడ మీది చెట్టు ముందు నిలబెట్టారు.

"ఏమయ్యా, నువ్వు నీ పేరు పూర్తిగా రాసేటప్పుడు ఇంటిపేరు ముందు రాస్తావా, వెనక రాస్తావా?"

"ముందేనండి."

"పాముక్కూడా అంతే. మొదటి మాట ఇంటిపేరు, రెండోది సొంత పేరు. ఇంటిపేరు కలిస్తే దగ్గర చుట్టాలన్నమాట. ఇక్కడ నా పనల్లా ఎవరు ఎవరింట్లో పుట్టారో తేల్చడమే."

"పెళ్ళిళ్ళ పేరయ్య పనండి ఈయనది," అంది అటెండరమ్మ వెనక నుంచి, చీపురు ఆపకుండా.

"పేరయ్యలు అబద్ధాలు చెబుతారమ్మా. నేను పొలుసులు లెక్కపెడతాను."

అది నిజం. పాము ఒంటి మీద, నడుము దగ్గర, ఒక పక్క నుంచి రెండో పక్కకి వీపు మీదుగా ఏటవాలుగా పొలుసుల వరసలు లెక్కపెడితే ఒక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య జాతిని బట్టి దాదాపు స్థిరం. జెర్రిపోతుకి పదిహేడు. నాగుపాముకి ఇరవై దాటి ఉంటుంది. పాము ఎంత పెరిగినా, ఎంత చిక్కినా, రంగు పోయినా ఈ లెక్క మారదు. నాకు ఆ పని ఎంతగా నచ్చిందంటే, మొదటి నెలలోనే నలభై ఒక్క సీసాలకీ లెక్క మళ్ళీ కట్టి మాస్టారి చీటీలతో సరిచూశాను. ఒక్కదాంట్లో తేడా వచ్చింది. తప్పు నాదే, తోక దగ్గర లెక్కపెట్టాను.

ఇప్పుడు అసలు విషయం. మన వైపు ఎలుకల్ని తినే పాముల్లో రెండింటితో మాస్టారికి పేచీ. ఒకటి అందరికీ తెలిసిన జెర్రిపోతు. రెండోది దానికన్నా చిన్నది, గోధుమ రంగుది. మెడ మీద నల్ల గీతలు, ఒంటి మీద తెల్ల మచ్చల పట్టీలు ఉంటాయి. మేగరేకుల పొడ అని పాత పేరు; మేం పొడ పాము అనేవాళ్ళం, విషం లేనిదే, రక్తపింజరి కాదు. ఇప్పుడు చాలామంది దానికి వేరే పేరూ పెట్టకుండా చిన్న జెర్రిపోతు అనేస్తారు. అంతర్జాతీయ పుస్తకాలు ఈ పొడ పాముని యూరపు, అమెరికా ఎలుకపాములతో కలిపి ఎలాఫే అనే ఇంటిపేరు కింద రాశాయి. మాస్టారు ఒప్పుకోలేదు.

"ఎలుకల్ని తినేదల్లా ఒకే ఇంటిదంటే ఎలాగయ్యా? కడియంలో మొక్కల లారీలు తోలేవాళ్ళందరూ ఒకే ఇంటిపేరు వాళ్ళా? అది వృత్తి. చుట్టరికం వేరే."

ఆయన వాదం ఇది: పొడ పాము విదేశీ ఎలుకపాముల చుట్టం కాదు, మన జెర్రిపోతుకి సొంత తమ్ముడు. సాక్ష్యం మెడ. రెండింటినీ కదిలిస్తే రెండూ ఒకేలా చేస్తాయి. తల వెనక భాగాన్ని ఇంగ్లీషు ఎస్ అక్షరంలా పైకి లేపి, మెడని పక్కలకి కాకుండా కిందికీ పైకీ ఉబ్బిస్తాయి. నాగుపాము పడగ అడ్డంగా విప్పితే, ఇవి నిలువుగా విప్పుతాయన్నమాట. ఇంత విచిత్రమైన అలవాటు రెండింటికీ వేరువేరుగా వచ్చిందంటే ఆయన నమ్మలేదు. తండ్రి నుంచి ఇద్దరు కొడుకులకీ వచ్చి ఉండాలి అనేవారు. పొలుసుల వరసల్లో మాత్రం తేడా పెద్దది: జెర్రిపోతుకి పదిహేడు, పొడ పాముకి ఇరవై అయిదు. పెద్దవాడు కొన్ని పోగొట్టుకున్నాడు అని సర్దిచెప్పేవారు. గోడ మీది చెట్టులో ఒక కొమ్మ చివర రెండు పేర్లూ పక్కపక్కన ఉండేవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనే నిచ్చెన వేసుకుని రాసిన కొమ్మ అది. ఇన్నేళ్ళుగా ప్రతి బ్యాచికీ ఆ కొమ్మ చూపించే పాఠం చెప్పారు.

ఆయన దగ్గర చదువుకుని, హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో డీఎన్‌ఏ మీద పని చేస్తున్న ఒకావిడ సెలవులకి వచ్చి మ్యూజియంకి వచ్చింది. జామకాయలు తెచ్చింది. గోడ మీది చెట్టు దగ్గరికెళ్ళి ఆ కొమ్మ చివరి రెండు పేర్లూ చదివింది.

"సార్, ఎలాఫే ఇల్లు విడిపోతోందండి," అంది. "బయటి దేశాల వాళ్ళు డీఎన్‌ఏ చదివి ఒక్కొక్కళ్ళనీ వేరు చేస్తున్నారు. అమెరికా పాములు వేరు, యూరపువి వేరు అంటున్నారు."

"ఆస్తి పంపకాలా?"

"ఆయ్, అలాంటిదేనండి. మన పొడ పాము మాటకొస్తే, అది అసలు ఆ ఇంటిదే కాదేమోనని అనుమానపడుతున్నారు. మన వైపు పాముని ఎవరూ సరిగ్గా చూడలేదు. మీరు చిన్న కండ ముక్క పంపితే నేను చదువుతాను. జెర్రిపోతుదీ, పొడ పాముదీ. మీ చెట్టు..."

మాస్టారే పూర్తి చేశారు.

"నిలుస్తుందో పడిపోతుందో తేలిపోతుందంటావు. వేసవిలో నేను దిగిపోతానమ్మా. ఈలోగా తేలుతుందా?"

"ముక్క బాగుంటే తేలుతుందండి."

అటెండరమ్మ జామకాయ కోస్తూ అడిగింది. "తేలి ఏం చేస్తారండీ? మీరు వెళ్ళగానే ఈ గదికి కంప్యూటర్లు వస్తాయంట. గోడకి ఎలాగూ సున్నం వేసేస్తారు."

"వేయనీ. సున్నం వేసేలోగా దాని కింద ఉన్నది తప్పో ఒప్పో నాకు తెలియాలి కదా."

తర్వాత ఆర్నెల్లు మేం చేసిందంతా ఈ ఒక్క వాక్యం కోసమే.

మొదటి అడుగు తేలికే అనుకున్నాం. మా బీరువాలో పొడ పాములు మూడున్నాయి, చక్కటివి. మాస్టారు సీసాల విషయంలో చాలా గర్విష్ఠి. పాము దొరికిన గంటలో ఫార్మలిన్ సూదితో ఎక్కించి, చుట్టలు అందంగా అమర్చి, ఫార్మలిన్‌లోనే గట్టిపడనిచ్చి, అప్పుడు సీసాలోకి దించేవారు. వేరే కాలేజీల వాళ్ళు చూసి వెళ్ళేవారు. "నా పాములు వందేళ్ళుంటాయి" అనేవారు. అది డాంబికం కాదు. ఆ గదిలో నా కన్నా వయసైన పాములు కూడా నిన్న పట్టినట్టు ఉండేవి. నేను మూడింటి నుంచీ తోక దగ్గర బియ్యపు గింజంత ముక్క కోసి చిన్న గొట్టాల్లో వేసి, నంబర్లు అంటించి, తిరిగి హైదరాబాదు వెళ్తున్న ఆవిడ చేతికే ఇచ్చాను.

నెల తిరక్కుండా ఫోను వచ్చింది. ఫోను ఆఫీసు గదిలో ఉండేది. మాస్టారు మాట్లాడి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"ఏమన్నారండి?"

"మూడూ మూగవేనంటయ్యా."

కారణం చెప్పాలి, ల్యాబ్ కోర్సుల వాళ్ళకి ఇది అవసరం. ఫార్మలిన్ మాంసాన్ని బిగించేస్తుంది. అందుకే పాము చెక్కుచెదరదు. కానీ అదే బిగింపులో లోపలి డీఎన్‌ఏ చుట్టూ ఉన్నవాటికి అతుక్కుని, ముక్కలై, చదవడానికి పనికిరాకుండా పోతుంది. పుస్తకాన్ని జిగురులో ముంచి దాచామనుకోండి. అట్ట మెరుస్తూనే ఉంటుంది, పేజీ మాత్రం విడదు. ఇప్పటి వాళ్ళు ముందే చిన్న ముక్క తీసి స్పిరిట్‌లో దాచి, ఆ తర్వాతే మిగతాది ఫార్మలిన్‌లో పెడతారు. మాస్టారు నేర్చుకున్న కాలంలో ఆ అవసరం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. అంత జాగ్రత్తగా చేయకపోయి ఉంటే ఏమైనా మిగిలేదేమో. నలభై ఒక్క సీసాల్లో ఒక్కదానితో కూడా అజాగ్రత్త పడలేదాయన.

"అయితే తాజాది కావాలి," అన్నారు.

తాజాది అంటే చిక్కే. అటవీ శాఖ అనుమతి లేకుండా పాముని పట్టకూడదు. కాగితం లేనిదే మాస్టారు బతికున్న పాముని ముట్టుకునేవారు కాదు. అనుమతి కోసం పెట్టిన దరఖాస్తు ఎక్కడో ఒక బల్ల మీద పడుకుని ఉంది. అంచేత తనంతట తాను చచ్చి దొరికినదే మాకు దిక్కు. జెర్రిపోతు సమస్య కాలేదు. కడియం రోడ్డు మీద మొక్కల లారీ కింద పడి చచ్చినది ఒకటి ఆ వారమే దొరికింది. ముక్క పంపాం, చక్కగా చదివారు. అన్నదమ్ముల కేసులో అన్న సాక్ష్యం నమోదైంది. తమ్ముడు పత్తా లేడు.

కడియంలో మాస్టారికి తెలిసిన నర్సరీ రైతు ఒకాయన ఉన్నారు. కుండీల మధ్య, తడిమట్టి సంచుల కింద పాములు ఎక్కువ. చచ్చిన పొడ పాము కనబడితే ఫోను చేయమని చెప్పాం. ఆయన మాట నిలబెట్టుకున్నారు, అతిగా.

"మాస్టారండీ, మీ పాము దొరికిందండి."

నేను ఐస్‌బాక్సు పట్టుకుని బస్సెక్కి వెళ్ళాను. నీరుకట్టు, నీళ్ళ పాము. పైగా బతికే ఉంది.

"ఇది కాదండి."

"మచ్చలున్నాయి కదండీ?"

"ఉన్నాయండి. ఇవి వేరే మచ్చలు."

రెండోసారి వెళితే అది పాము పిల్ల కాదు, నలికిరి. సన్నటి కాళ్ళు నాలుగూ చూపిస్తే రైతుగారు కొంచెం నొచ్చుకున్నారు. మూడోసారి ఎండకి వెలిసి మచ్చలు పడ్డ నీళ్ళ పైపు ముక్క. "కూలీలు చెప్పారండి, నేను దగ్గరికెళ్ళి చూడలేదు," అన్నారాయన. నాలుగోసారి మాత్రం పనికొచ్చే ఆలోచన చేశారు. నర్సరీ అంతా వెతికించి ఒక గోనెసంచి నిండా కుబుసాలు పోగు చేసి ఉంచారు. కుబుసంలో కూడా డీఎన్‌ఏ కొంచెం దొరకవచ్చు, పొలుసుల వరసలు అందులో స్పష్టంగా కనబడతాయి. నేను అక్కడే మల్లె కుండీల పక్కన స్టూలు వేసుకుని, స్పూను పిడి భూతద్దంతో లెక్క మొదలుపెట్టాను. పదిహేడు. పదిహేడు. పదిహేడు. అన్నీ జెర్రిపోతులే. ఒక్క కుబుసంలో ఇరవై మూడు వచ్చేసరికి మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టాను. పొడ పాముకి కూడా ఇరవై మూడు ఉండొచ్చు. తల భాగం తీసి చూశాను. మెడ దగ్గర కుబుసం వెడల్పుగా సాగి ఉంది.

"ఇది నాగుపాముదండి."

రైతుగారు స్టూలుకి రెండడుగులు వెనక్కి జరిగారు. "అయితే నా మల్లెల్లో నాగుపాము ఉందన్నమాట."

"ఉండేదండి. చొక్కా మార్చుకుని వెళ్ళింది."

"ఎటెళ్ళిందో మీ లెక్కలో వస్తుందాండీ?"

రాదని చెప్పాను. ఆ తర్వాత ఆయన ఫోన్లు తగ్గాయి.

చలికాలం అయిపోయింది. ఎండలు మొదలవుతుండగా హైదరాబాదు నుంచి ఆవిడ మళ్ళీ ఫోను చేసింది. ఈసారి మాస్టారి వెనకాల నేనూ వెళ్ళాను. ఫోను గట్టిగా వినిపించేది, కాబట్టి రెండు వైపుల మాటలూ నాకు తెలుసు.

"సార్, మెషీను వాడుకోడానికి మాకిచ్చిన గడువు ఈ నెలతో అయిపోతుందండి. తర్వాత మళ్ళీ ఎప్పుడో చెప్పలేను. ఫార్మలిన్ తగలని పొడ పాము ఒక్కటైనా లేదాండీ? ఎంత పాడైపోయినదైనా సరే."

"నా దగ్గర పాడైనవి ఉండవు కదమ్మా," అన్నారు మాస్టారు. ఎప్పుడూ గర్వంగా అనే మాట. ఆ రోజు నేరం ఒప్పుకున్నట్టు అన్నారు.

తిరిగి గదికి వచ్చాం. భోజనాల వేళ. అటెండరమ్మ స్టోరు గుమ్మంలో కూర్చుని క్యారియరు విప్పుతోంది. మాస్టారు తన బాక్సు తీయలేదు. చెట్టు వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఉన్నట్టుండి అటు తిరిగారు.

"అమ్మాయ్, తుఫాను ఏడాది ఒక పాముని చెడగొట్టావు చూడు."

అటెండరమ్మ ముద్ద కిందపెట్టింది. "ఇప్పుడెందుకండీ అది? అప్పుడు తిట్టారుగా, చాలండి."

"ఏ పాము అది?"

"నాకేం తెలుసండీ. మచ్చల పాము. చిన్నది."

నేను చేరక ముందు సంగతి కాబట్టి ఇద్దరూ చెప్పగా విన్నది రాస్తున్నాను. ఆ తుఫానప్పుడు మాస్టార్ని సహాయ శిబిరం డ్యూటీకని కోనసీమ పంపారు. వరద నీటిలో కొట్టుకొచ్చిన చచ్చిన పాముని ఎవరో గోనెసంచిలో తెచ్చి మ్యూజియంలో ఇచ్చి వెళ్ళారు. ఫార్మలిన్ అడుగంటింది, లారీలు తిరగడం లేదు. కుళ్ళితే మాస్టారు ఊరుకోరని ఆవిడ స్లైడ్ల కోసం దాచిన స్పిరిట్ మొత్తం సీసాలో పోసి పాముని అందులో కుక్కింది. మాస్టారు తిరిగొచ్చి చూసేసరికి పాము ముడుచుకుపోయి, రంగు వెలిసి, అడ్డదిడ్డంగా బిగిసిపోయి ఉంది. "ఏడాది స్పిరిట్ ఒక్క పాముకే తాగించావా" అని తిట్టి, అవతల పారేయమన్నారు. దగ్గరికెళ్ళి చూడను కూడా చూడలేదు.

"పారేశావు కదూ?" అన్నారు మాస్టారు. ఆశ లేని గొంతుతో అడిగారు.

"పారేశానండి."

"ఎక్కడ?"

"తలుపు దగ్గర."

ముగ్గురం అటు చూశాం. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆ సీసాని కాలితో జరిపి స్టోరులోకి వెళ్ళడం, కాలితో జరిపి బయటికి రావడం నాకు అలవాటు. మాస్టారికి ఇంకా పాత అలవాటు. అటెండరమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి చీర ముక్క విప్పింది.

"సీసా మంచిదండి, బరువైంది. ఇటుక పెడితే జారిపోతోంది."

సీసా దాదాపు నిండుగానే ఉంది. అదే నాకు అర్థం కాలేదు. అన్నేళ్ళలో స్పిరిట్ ఆవిరై పాము ఎండిపోయి ఉండాలి.

"ఇందులో మళ్ళీ ఏమైనా పోశారా?"

"అప్పుడప్పుడు కాస్త పోసేదాన్ని బాబూ."

"ఫార్మలినా?" అన్నారు మాస్టారు. ఆ ఒక్క మాట అడిగేటప్పుడు ఆయన నిలబడ్డారు.

"ఛ, ఆ కంపు నాకు పడదని మీకు తెలుసుగా. కళ్ళు మండి చస్తాను. స్పిరిటేనండి. తగ్గితే బరువు తగ్గి తలుపు ఆగదండి."

మాస్టారు కూర్చున్నారు. నవ్వారో, దగ్గారో చెప్పలేను.

మూత తీశాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మామూలు స్పిరిట్ వాసన, కళ్ళు మండలేదు. పాముని బయటికి తీసి పళ్ళెంలో పెట్టాం. పారేసిన చెప్పు తోలులా ఉంది. మచ్చలేవీ కనబడవు, మెడ మీద గీతలు ఉన్నాయనుకుంటే ఉన్నాయి, లేవనుకుంటే లేవు. అయినా లెక్క ఉంది కదా. నేను నడుము దగ్గర లెక్కపెట్టి కాగితం మీద రాసి బోర్లించాను. మాస్టారు స్పూను పిడి భూతద్దంతో తాను లెక్కపెట్టి ఇంకో కాగితం మీద రాశారు. తిప్పి చూసుకున్నాం. రెండింటిలోనూ ఇరవై అయిదు.

"తమ్ముడే," అన్నారాయన. "తలుపు దగ్గరే ఉన్నాడు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు."

తోక దగ్గర ముక్క కోసి ఆ సాయంత్రమే హైదరాబాదు వెళ్ళే తెలిసినాయన చేతిలో పెట్టాం.

ఫలితం వచ్చిన రోజున ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీసింది నేనే. ఒక్క పేజీ. అడ్డగీతలు, నిలువు గీతలు, పడుకోబెట్టిన చెట్టు. కొమ్మల చివర్ల ఇంగ్లీషు పేర్లు. బయట షోడా బండి దగ్గర నిలబడి చదివాను. జెర్రిపోతు కాగితం పైభాగంలో ఉంది. పొడ పాము కోసం కిందికి వెతుక్కుంటూ వెళ్ళాల్సి వచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. సెంటర్ నుంచి కాలేజీకి ఎప్పుడూ నడిచి వెళ్ళేవాణ్ణి, ఆ రోజు కూడా నడిచే వెళ్ళాను, నెమ్మదిగా.

మాస్టారు కాగితం బల్ల మీద పరిచి, రెండు చివర్లా రెండు సీసాలు పెట్టారు. వేలు ఒక పేరు మీద పెట్టి, కొమ్మ వెంబడి వెనక్కి, వెనక్కి పోనిచ్చారు. రెండు పాముల దారులూ కలిసే చోటు దాదాపు మొదట్లో ఉంది. పొడ పాము జెర్రిపోతు తమ్ముడు కాదు. విదేశీ ఎలుకపాములతోనూ లేదు. తూర్పు దేశాల్లో ఉండే తన లాంటివి కొన్నింటితో కలిసి, ఒక పక్కగా, చాలా పాతకాలంలోనే వేరుపడ్డ కొమ్మ మీద ఉంది. ఒక్క పాము ముక్కతో అంతా తేలినట్టు కాదనీ, ఇంకా చూడాలనీ కింద ఆవిడ రాసింది. దాని కింద ఇంకో వాక్యం: 'సార్, ఇది ఎలాఫే కాదని మీరు ముందే అన్నారు.'

"సగం మార్కులు," అన్నారు మాస్టారు. "ఆ ఇంటిది కాదన్నాను, సరిపోయింది. తీసుకొచ్చి ఈ ఇంట్లో దత్తతిచ్చాను, అది తప్పు."

అటెండరమ్మకి పూర్తిగా అర్థం కాలేదు. అయినా ఆయన మొహం చూసి చీపురు పక్కన పెట్టింది. "పోనీలెండి మాస్టారండీ. ఎవరు చూడొచ్చారు. ఎలాగూ సున్నం వేసేస్తారు."

ఆయన స్టోరులోంచి నిచ్చెన తెమ్మన్నారు నన్ను. నేను ఎక్కుతానన్నాను. ఒప్పుకోలేదు.

"పడతారండి," అంది అటెండరమ్మ.

"పట్టుకో అయితే."

ఆవిడ నిచ్చెన ఒక కాలు పట్టుకుంది, నేను రెండోది. ఆయన బ్లేడుతో పొడ పాము పేరున్న చోట ఆయిల్ పెయింటు గీకడం మొదలుపెట్టారు. పాత పెయింటు, తొందరగా రాలేదు. పేరులో ఒక్కో అక్షరం పొట్టుగా మా నెత్తిన రాలింది. మధ్యలో ఆగి, నిచ్చెన మీద నుంచే అడిగారు:

"మరి ఆ మెడ సంగతేంటయ్యా?"

"ఏంటండి?"

"అన్నదమ్ములు కాదు. సరే. ఒకరినొకరు చూసి నేర్చుకునేవాళ్ళూ కాదు. మరి మెడ నిలువుగా ఉబ్బించే నటన ఇద్దరికీ ఎలా వచ్చింది? వేరువేరుగా రెండుసార్లు వచ్చిందా? లేకపోతే ఇద్దరికన్నా ముందు ఎవరో ముత్తాతకి ఉండి, మిగతా వాళ్ళందరూ పోగొట్టుకున్నారా?"

తల ఎత్తి చూశాను. ఓడిపోయినాయన మొహంలా లేదు. నలభై ఒక్క సీసాలకీ మొదటిసారి లెక్క కట్టినప్పుడు నా మొహం అలాగే ఉండి ఉంటుంది. దిగిపోయే దాకా ఆయన ఈ ప్రశ్నతోనే గడిపారు. ఏ పాములు మెడ ఉబ్బిస్తాయి, ఏవి ఉబ్బించవు అని మా చేత పట్టికలు వేయించారు. జవాబు రాలేదు. నాకింకా తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కొత్త కొమ్మని చెట్టు మొదలుకి కొంచెం పైన, ఒంటరిగా గీశారు. పెయింటు ఆరే దాకా చేతులు వెనక్కి కట్టుకుని చూశారు.

"వేసవికి సున్నమేనండి," అంది అటెండరమ్మ మళ్ళీ. ఈసారి ఆవిడ గొంతులో వెటకారం లేదు.

"వేయనీ. అప్పటిదాకా ఒప్పుగా ఉంటుంది."

అనుకున్నట్టే వేసవిలో ఆ గోడకి సున్నం వేశారు. బీరువాలు పక్క భవనానికి మార్చారు. డీఎన్‌ఏ చదివినావిడ హైదరాబాదు నుంచి వచ్చి, మాస్టారికి వీడ్కోలు శాలువా బదులు కొత్త భూతద్దం ఇచ్చింది. ఆయన దాన్ని మ్యూజియంకి ఇచ్చేసి, స్పూను పిడిది ఇంటికి తీసుకెళ్ళారు. అదొక్కటీ ఆయన సొంతమట.

అప్పగింత జాబితా నేనే టైపు చేశాను. పాముల దగ్గరకి వచ్చేసరికి పాత అంకె వేయబోయాను. మాస్టారు ఆగమని, వెళ్ళి ఆ సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు. చీర ముక్క లేదు. కొత్త చీటీ అంటించి ఉంది: మేగరేకుల పొడ, వరదలో దొరికినది, స్పిరిట్. చివర 'భద్రపరచినవారు' అని ఒక గడి ఉంటుంది. అన్ని సీసాల మీదా అక్కడ మాస్టారి పొడి అక్షరాలే. దీని మీద అటెండరమ్మవి ఉన్నాయి. ఆవిడ చూసి, "నా పేరెందుకండీ, మళ్ళీ ఎవరైనా తిడతారు," అంది.

జాబితా ఇలా ముగిసింది. చెక్క బీరువాలు ఆరు. ఎలుక అస్థిపంజరం ఒకటి, తోక లేదు. భూతద్దాలు రెండు. స్టోరు తలుపు దగ్గర ఇటుక ఒకటి. పాములు నలభై రెండు.